ఠేంగువా నాట్యం కనిపెట్టిన చౌబే

రామసజీవన్ చౌబేకి నాట్యమంటే ఒళ్లుమంట. పాటంటే తలనొప్పి. గుడి ముందు నిలబెడితే శిల్పం వైపు కాకుండా, విడిచిన చెప్పులు ఎవరెత్తుకుపోతారో అని వెనక్కే చూసే మనిషి. అలాంటివాడు ఢిల్లీలో, కలెక్టరు పరీక్షల కోచింగులకి పేరుపడ్డ ముఖర్జీనగర్‌లో ఏళ్ల తరబడి భారతీయ కళలు, సంస్కృతి పాఠం చెప్పాడు. అతని దగ్గర చదివి కలెక్టర్లయినవాళ్లున్నారు. మన జాతర్లకీ, మన మ్యూజియాలకీ ఇవాళ సంతకాలు పెట్టేది వాళ్లే. ఇది తలుచుకుని నవ్వేవాళ్లున్నారు. నాకు మాత్రం నవ్వు రాదు.

నేను తెనాలి నుంచి ఢిల్లీ వెళ్లింది అందరిలాగే కలెక్టరైపోదామని. అవలేదు. చదివిన కోచింగ్‌లోనే విద్యార్థుల జవాబుపత్రాలు దిద్దే పనిలో కుదిరాను. ఆ పేటలో ఉద్యోగాలన్నీ అలా పుట్టినవే. గెలిచినవాడు పెట్టె సర్దుకుని కలెక్టరు శిక్షణకి ముస్సోరీ వెళతాడు, ఓడినవాడు అక్కడే ఉండి గెలవడమెలాగో పాఠం చెబుతాడు. చౌబే కూడా అలా ఉండిపోయినవాడే. కాకపోతే నాకంటే ఒక మెట్టు పైదాకా వెళ్లి ఓడాడు, ఇంటర్వ్యూ దాకా. ఆ ఒక్క మెట్టునీ జీవితాంతం మెళ్లో పతకంలా వేసుకు తిరిగాడు.

అతని ఊరు ఉత్తరప్రదేశ్‌లో గాజీపూర్ దగ్గర పల్లె. తండ్రి బడిపంతులు. ఆ ఇంటర్వ్యూకి ముందు ఎవరో సీనియర్ చెవిలో ఊదాడట, తీరిక వేళల్లో ఏం చేస్తావన్న చోట శాస్త్రీయ సంగీతం వింటానని రాయి, బోర్డు వాళ్లు మెత్తబడతారని. రాశాడు. రాగాలూ, అవి పాడే వేళలూ బట్టీపట్టుకుని లోపలికెళ్లాడు.

"చివరిసారి ఏం విన్నారు?" అని అడిగిందట బోర్డులో ఒకావిడ.

"భైరవ్ రాగం మేడమ్. పొద్దున పాడతారు."

"మంచిది. ఎవరు పాడారు?"

చౌబే ఆలోచించి, "రేడియో" అన్నాడు.

బోర్డంతా నవ్విందట. ఆ నవ్వు అతని చెవుల్లోంచి మరి పోలేదు. తనకి దక్కాల్సిన కలెక్టరు కుర్చీ సంగీతం లాక్కుపోయిందని అతని లెక్క. వినకుండా విన్నానని రాసినవాడి తప్పు కాదు, పాడినవాళ్ల తప్పు! అప్పట్నుంచీ ఎక్కడ తంబురా మోగినా ముఖం మాడ్చుకునేవాడు.

మరి ఆ సబ్జెక్టే ఎందుకు చెప్పాడంటే, మిగిలింది అదే కాబట్టి. మా కోచింగ్ యజమాని గులాటీ. రాజ్యాంగం, ఆర్థికం, భూగోళం అన్నీ పంచేశాక, ఎవరికీ అక్కర్లేని కళలూ సంస్కృతీ చౌబే ఒళ్లో పడేశాడు. పెళ్లి విందులో ఆఖరి బంతికి అడుగంటిన పప్పు వడ్డించినట్టు. అన్యాయం చెప్పకూడదు, చౌబే దాన్ని వదల్లేదు. నాకి నాకి గిన్నె మెరిపించాడు.

అతని పద్ధతి ఒక్కటే. దేన్నీ చూడనక్కర్లేదు, విననక్కర్లేదు, గుర్తుంటే చాలు. శాస్త్రీయ నృత్యాలు ఎనిమిదీ ఒక వాక్యంలో కుక్కాడు. హిందీలో అతను చెప్పినదాన్ని మన భాషలోకి తెస్తే ఇలా ఉంటుంది. "భక్తిగా కథలు విని కూచున్న ఒడియా మామ మణిపురి సత్రంలో మోహినిని చూశాడు." కథలు అన్నది బహువచనం, అందులో కథక్, కథకళి రెండూ ఉన్నాయని బల్లమీద కొట్టి మరీ చెప్పేవాడు. మూడొందలమంది పిల్లలు గొంతెత్తి ఆ మామని అప్పజెప్పేవాళ్లు. మా కూచిపూడి ఆ వాక్యంలో "కూచున్న"గా మిగిలింది. కూచున్నది కూచున్నట్టే ఉంది, ఆ క్లాసులో అది లేచి ఆడింది ఎన్నడూ లేదు.

ఒకసారి జవాబుపత్రాలు దిద్దుతుంటే వరసగా అందరూ అమరావతి శిల్పశైలి మహారాష్ట్రదని రాశారు. పత్రాలు పట్టుకుని చౌబే దగ్గరికెళ్లాను.

"సార్, అమరావతి గుంటూరు పక్కన ఉంది. మా ఊరినుంచి బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి వెనక్కి రావచ్చు."

"మహారాష్ట్రలో కూడా ఒకటుంది కదా?"

"ఉంది. అక్కడ నారింజపళ్లు పండుతాయి, స్తూపాలు కాదు."

చౌబే చిరాకుపడ్డాడు. "వసుంధరా జీ, పరీక్షలో బస్సు రూటు అడగరు. తెల్లరాయి, బుద్ధుడు, పద్మాలు. ఈ మూడూ రాస్తే మార్కులొస్తాయి. మీరు మార్కులేసేయండి."

గాడిదకేం తెలుసు గంధపుచెక్కల వాసన అంటారు. పాపం గాడిదకి తెలియకపోతే ఊరుకుంటుంది. గంధం గురించి క్లాసు చెప్పదు.

ఇంట్లో భార్య కుసుమలత. నోరున్న మనిషి, గొంతూ ఉన్న మనిషి. వానాకాలం వచ్చిందంటే వంటింట్లో రొట్టెలు కాలుస్తూ కజ్రీ పాటలు ఎత్తుకునేది. నేను వెళ్లినప్పుడు ఒకసారి విన్నాను, రొట్టె మాడిపోతున్నా ఆపమని అడగలేకపోయాను. చౌబే ముందుగదిలోంచి లేచి వచ్చి వంటింటి తలుపు ధడాలున వేశాడు.

"పని చేసుకుంటుంటే ఏమిటా గోల?"

"ఏం పనండీ?" అని లోపల్నుంచి అరిచిందావిడ.

నేను ముందుగదిలో బల్లమీద చూశాను. రేపటి క్లాసుకి రాసుకుంటున్నాడు. "కజ్రీ, ఉత్తరప్రదేశ్, వర్షరుతువు, స్త్రీలు పాడే విరహగీతం."

ఇలాంటివాడి బతుకు ఇలాగే నడిచిపోతే నేను ఇంత చెప్పేదాన్ని కాదు. నడవనివ్వలేదు, దొంగలు. అతని నోట్సు వారం తిరక్కుండా బత్రా సినిమా హాలు వెనక ప్రతి జిరాక్సు కొట్లోనూ దొరికేది. దానికి చౌబే బాధపడలేదు, అది పేరు. బాధల్లా ఎదురు మేడలో కోచింగ్ నడిపే త్యాగీ మేడమ్‌తో. ఆవిడ నోట్సులో చౌబే వాక్యాలు పొల్లు పోకుండా ఉండేవి. ఆఖరికి చౌబే ఒకచోట తప్పుగా రాసిన ఒక రాజు పేరు కూడా అదే తప్పుతో ఆవిడ దగ్గర తేలింది.

ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర చౌబే నా ఎదురుగా కూచుని బ్రెడ్ పకోడీ నములుతూ ఒక్కసారిగా నవ్వాడు.

"వసుంధరా జీ, మావైపు ఠేంగా అంటే బొటనవేలు. ఎవరైనా ఏదైనా అడిగితే బొటనవేలు ఆడించి 'నీకు ఠేంగా' అంటాం. మీ భాషలో ఏమంటారు?"

"మొండిచెయ్యి చూపించడం అంటాం."

"అదీ! ఈసారి నోట్సులో ఒక కొత్త జానపద నృత్యం పెడుతున్నాను. పేరు ఠేంగువా. వింధ్య కొండల అంచు పల్లెల్లో, కోతలయ్యాక, ముసలివాళ్లు ఒంటికాలిమీద నిలబడి, రెండు బొటనవేళ్లూ పైకెత్తి, చేటమీద వేసే దరువుకి గెంతుతూ ఆడతారు."

"ఉందా అలాంటిది?"

"ఎక్కడుంటుంది? ఇప్పుడే పుట్టింది, ఈ పకోడీతో పాటు. త్యాగీ మేడమ్ నోట్సులో ఇది కనబడనీ, అప్పుడు చెబుతా ఆవిడ సంగతి. సందులో అందరిముందూ చెబుతా."

నిజం చెప్పాలంటే ఆ పూట అతని మీద నాకు కాస్త గౌరవం కలిగింది. జీవితంలో మొదటిసారి సొంతంగా ఒకటి ఊహించాడు కదా అని. కానీ ఒక విషయం అప్పుడే ఆలోచించాల్సింది. ఠేంగా అంటే ఏమిటో హిందీ వచ్చిన ప్రతివాడికీ తెలుసు. అలాంటి పేరు నోట్సులో పడితే క్లాసులో ఒక్కడైనా పకపకా నవ్వాలి. ఒక్కరూ నవ్వలేదు. తలవంచుకుని రాసుకున్నారు. ఒకమ్మాయి చెయ్యెత్తి, "సార్, ఏ కాలు?" అని అడిగింది.

"ఎడమ" అన్నాడు చౌబే. అందరూ ఎడమ అని రాసుకున్నారు.

వల వేసినట్టే చేప పడింది. రెండు నెలలు తిరిగేసరికి త్యాగీ మేడమ్ నోట్సులోనే కాదు, ఆ పేటలో ఉన్న ప్రతి నోట్సులోనూ ఠేంగువా గెంతుతోంది. చౌబే ఛాతీ విరుచుకుని, నన్ను సాక్షిగా వెంటబెట్టుకుని, ఆవిడ కోచింగ్ మెట్ల ముందు కాపుకాశాడు. ఆవిడ దిగివచ్చింది. చుట్టూ పిల్లలు.

"మేడమ్, ఈ ఠేంగువా మీకెక్కడిది?"

త్యాగీ మేడమ్ రెప్ప వాల్చలేదు. "మా పరిశోధన బృందం పల్లెలకి వెళ్లి చూసి రాసుకొచ్చింది చౌబే జీ. మీ నోట్సులో సగమే ఉంది. పౌర్ణమినాడు ఆడవాళ్లు కూడా కలుస్తారు, ఆ సంగతి మీరు వదిలేశారు."

చుట్టూ ఉన్న పిల్లలు చప్పున పుస్తకాలు తీశారు. పౌర్ణమి, ఆడవాళ్లు. రాసుకున్నారు. ఎద్దు ఈనిందంటే గాట్లో కట్టెయ్యమనేవాళ్లుంటారని తెలుసు. ఈవిడ ఆ దూడకి పేరు పెట్టి, పాలు కూడా పితికింది.

తిరిగొస్తూ దారంతా ఒకటే మాట. "పౌర్ణమి కలిపింది వసుంధరా జీ! నా నాట్యంలో పౌర్ణమి కలిపింది!"

"అయితే రేపు క్లాసులో నిజం చెప్పేయండి. ఇది నేనల్లిన అబద్ధం, ఫలానావాళ్లు దొంగలు అని."

చెబుతాననే అన్నాడు. ముందుగా గులాటీ చెవిన వేశాడు. గులాటీ కుర్చీలోంచి లేచి తలుపు మూసొచ్చాడు.

"చౌబే జీ, మా నోట్సులో అబద్ధాలున్నాయని మనంతట మనమే బోర్డు కట్టుకుంటే, రేపు ఈ బెంచీల మీద కూచునేది నువ్వూ నేనూ మాత్రమే. నోరు మూసుకో. వచ్చే ఏడు మెల్లిగా తీసేద్దువుగాని."

చౌబే నోరు మూసుకున్నాడు. వచ్చే ఏడు రాకముందే, ఏదో ఒక రాష్ట్రంలో చిన్న ఉద్యోగాలకి పెట్టిన పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ఠేంగువా నృత్యంలో ఉపయోగించే వాద్యం ఏది? ప్రశ్నలు తయారుచేసేవాళ్లు ఆ నోట్సులు ముందేసుకునే కదా తయారుచేస్తారు! చౌబే పిల్లలు చేట అని గుర్తుపెట్టి పేడా మిఠాయి డబ్బాలతో కోచింగ్‌కి ఊరేగింపుగా వచ్చారు. అతని కాళ్లకి దండాలు పెట్టారు. గులాటీ ఆ వారంలోనే సందు మొగలో ఫ్లెక్సీ కట్టించాడు. చౌబే బొమ్మ, కింద పెద్దక్షరాల్లో "ఠేంగువా ముందుగా చెప్పింది ఎవరు?"

నేను ఊరుకోలేదు. జవాబులు ఎలా రాయాలో చెప్పడానికి నాకు వారానికొక క్లాసు ఇచ్చేవాళ్లు. అందులో నిలబడి సూటిగా చెప్పాను.

"వినండి. ఠేంగువా అనే నాట్యం లేదు. చౌబే గారు నా ఎదురుగా టీ తాగుతూ కల్పించారు. రాయకండి."

వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"దీదీ, మీరు ఇంటర్వ్యూ దాకా వెళ్లారా?"

"లేదు."

"సార్ వెళ్లారు."

క్లాసంతా నవ్వింది. చదువు అంటే ఏమిటో ఆ రోజు నాకు పూర్తిగా అర్థమైంది. ఆ తరవాత ఠేంగువా అని రాసిన ప్రతి జవాబునీ ఎర్ర సిరాతో కొట్టేశాను. గులాటీ ఆ పత్రాల కట్ట నా బల్లమీద తిరిగి పడేసి, "మార్కులు ఇవ్వమ్మా, నీ ధర్మపన్నాలు ఇంటికెళ్లి చెప్పుకో" అన్నాడు.

ఇక్కడిదాకా చౌబే దొంగను పట్టబోయి తానే చిక్కుకున్న అమాయకుడని జాలిపడొచ్చు. ఆ తరవాతదే నాకు మింగుడుపడనిది. మెల్లమెల్లగా అతను ఆ నాట్యాన్ని నమ్మడం మొదలుపెట్టాడు. ముందు త్యాగీ మేడమ్ కలిపిన పౌర్ణమిని తన నోట్సులో చేర్చుకున్నాడు. తరవాత ఒంటికాలి వెనక ఒక తత్వం దొరికింది, రైతు ఒక కాలు భూమిలో, ఒక కాలు ఆశలో అని. అది విని పిల్లల కళ్లు చెమర్చాయి. ఆ తరవాత పుస్తకం రాశాడు. అందులో ఠేంగువా మీద ఒక అధ్యాయం.

ఒకరోజు వాళ్లింట్లో భోజనం చేస్తుండగా అన్నాడు. "మా అమ్మమ్మగారి ఊళ్లో చిన్నప్పుడు చూసిన గుర్తు. చీకట్లో, చేట చప్పుడు..."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "సార్, అది నా ఎదురుగా పుట్టింది. మీరు పకోడీ తింటున్నారు."

"మీరు దక్షిణాదివాళ్లు. మీకు తెలియదు."

కుసుమలత పప్పు వడ్డిస్తూ అంది. "మీ అమ్మమ్మగారి ఊరికి నేనూ వచ్చాను. అక్కడ ఒంటికాలి మీద నిలబడేది చెరువులో కొంగ ఒక్కటే."

చౌబే కంచం తోసేసి లేచిపోయాడు.

ఆ రోజుల్లోనే అతని పాత శిష్యురాలు మృదులా కుశ్వాహా ఆ కొండల వైపు సంస్కృతి వ్యవహారాలు చూసే అధికారిణిగా వెళ్లింది. గురువుగారి నాట్యం పుట్టిన నేల కదా అని జీపు వేసుకుని ఊరూరా తిరిగింది. ఠేంగువా ఎవరాడతారు అని అడిగితే, మాకు తెలియదమ్మా అన్నారు ఊళ్లవాళ్లు. ఆ మాట విని ఆవిడకి అనుమానం రావాలి కదా. రాలేదు. 'అంతరించిపోతున్న కళ' అని పైకి రాసింది. ఆ ఆట ఆడేవాళ్లకి సర్కారు సాయం ఉంటుందని చాటింపు వేయించింది. అంతే, ఆ పై సంతకి మూడు బృందాలు తయారు. ఊళ్లవాళ్లని నేను తప్పుపట్టను. అడిగినవాడికి బుద్ధి లేకపోతే ఇచ్చినవాడిదా తప్పు?

వాటిలో ఇంద్రాసనీ దేవి బృందాన్ని ఎంపికచేశారు. ఇంద్రాసని యాభై దాటిన మనిషి. పెళ్లిళ్లలో, పండగల్లో ఆడిపాడే బృందానికి పెద్ద. చలికాలం ఒక మధ్యాహ్నం వాళ్లని ఢిల్లీ తీసుకొచ్చి ఒక సభామందిరంలో ఆడించారు. ముఖ్య అతిథి చౌబే. మెడదాకా బొత్తాలు పెట్టిన బంద్‌గలా కోటు, మెడలో బంతిపూల దండ, ముందు వరసలో సోఫా. పక్కన మృదుల. వెనక మూడు వరసలు మా కోచింగ్ పిల్లలు, ఒళ్లో పుస్తకాలు. నేనూ కుసుమలతా పక్కన కుర్చీల్లో.

చేట మీద దరువు మొదలైంది. వాళ్లు ఆడారు. అది ఠేంగువా ఎలా అవుతుంది? వాళ్లు ఎప్పుడూ ఆడే ఆటే, చేతులు చేతులు పట్టుకుని, వంగి, లేచి, నేల అదిరేలా. మధ్యమధ్య గుర్తొచ్చినప్పుడు బొటనవేలు పైకెత్తి, ఒక కాలు కాస్త లేపి దించేవాళ్లు. మొక్కుబడి తీర్చినట్టు. కానీ ఆ మిగతాది ఎంత బాగుందో! నా ఒంట్లో అలసట ఎటుపోయిందో తెలియలేదు. కుసుమలత చెప్పు విడిచి పాదంతో దరువు వేస్తోంది. వెనక్కి తిరిగి చూశాను. మా పిల్లల్లో ఒక్కడూ వేదిక వైపు చూడటం లేదు. తలలు వంచి రాసుకుంటున్నారు.

ఆట ముగిశాక చౌబేని మాట్లాడమన్నారు. మైకు పట్టుకున్నాడు. ముఖం జేవురించి ఉంది.

"ఇది ఠేంగువా కాదు" అన్నాడు.



"అసలు ఠేంగువాలో ఆద్యంతం ఎడమకాలు నేలమీద ఉండాలి. వీళ్లు రెండు కాళ్ల మీదా ఆడుతున్నారు. ఇవాళ పౌర్ణమి కూడా కాదు, ఆడవాళ్లు ఎలా కలిశారు? సంప్రదాయాన్ని ఇలా పాడుచేస్తే ఊరుకోను."

వేదికమీద ఇంద్రాసని కొంగుతో చెమట తుడుచుకుంటోంది. భయపడలేదు.

"గురూజీ, మోకాళ్లున్నాయి కదా మాకు. గంటసేపు ఒంటికాలిమీద మనిషెలా ఆడతాడు? మీ పుస్తకంలో రాసింది మా బడి పంతులమ్మ చదివి వినిపించింది. అలా చేయబోతే ఇద్దరు పడ్డారు. అందుకే మా ఆటలోనే మీది కాస్త కలిపాం, చిటికెడు ఉప్పేసినట్టు."

"నా పుస్తకం చూసి నేర్చుకున్నారా! మీ తాతముత్తాతల ఆట కదా ఇది?"

"మా తాతముత్తాతలు ఇలాంటి పిచ్చిపని చేయలేదు బాబూ" అందామె. బృందంలో ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డుపెట్టుకున్నారు.

అప్పుడైనా ఆగాల్సింది. నిజం అంత దగ్గరగా వచ్చి నిలబడింది, చెయ్యి చాస్తే అందేంత. చౌబే ఆగలేదు.

"చూశారా? తమ కళనే మరిచిపోయారు. ఎంత దౌర్భాగ్యం!" అన్నాడు సభవైపు తిరిగి.

"సరే, మాకు రాదు. మీరే చూపించండి గురూజీ" అంది ఇంద్రాసని. చేట పట్టుకున్న ముసలాయనకి సైగ చేసింది. దరువు మొదలైంది.

వెనక పిల్లలు చప్పట్లు. "సార్! సార్!"

చౌబే మెట్లెక్కాడు. కోటు బొత్తాలు విప్పలేదు, దండ తీయలేదు. కుడికాలు లేపాడు. రెండు బొటనవేళ్లూ పైకెత్తాడు. గెంతాడు. ఇంకోసారి గెంతాడు. దరువు ఒకచోట, అతనొకచోట. ఏనాడూ పాటకి తలైనా ఊపని ఆ శరీరం, మూట దింపడం చేతకాని కూలీలా ఊగిపోయింది. నేను సిగ్గుతో తలదించుకుని, మళ్లీ ఎత్తాను. ఒక్క క్షణం అతని ముఖంలో ఏదో కనబడింది. సంతోషమే అనుకుంటాను. చిన్నపిల్లాడు తొక్కుడుబిళ్ల ఆడేటప్పుడు ఉండేలాంటిది. ఆ ఒక్క క్షణం అతన్ని క్షమించేద్దామనిపించింది.

ముసలాయన దరువు ఆపాడు. చౌబే రెండో కాలు దించి, రొప్పుతూ, మైకు అందుకుని అన్నాడు.

"రాసుకోండి. మొదటి పాయింటు, ఎడమకాలు. రెండో పాయింటు..."

క్షమాపణ అక్కడే ఆవిరైపోయింది.

హాలు దద్దరిల్లేలా చప్పట్లు. మృదుల కళ్లొత్తుకుంది. "జనం మరిచిపోయిన కళని మా గురువుగారొక్కరే కాపాడుతున్నారు" అని పత్రికలవాళ్లకి చెప్పింది.

నేనూ కుసుమలతా వేదిక వెనక్కి వెళ్లాం. ఇంద్రాసని బృందం కింద చాపమీద కూచుని పూరీలు తింటున్నారు. ఆమె కుసుమలతని ఎగాదిగా చూసి, "గురూజీ ఇల్లాలివా? ఇంట్లో కూడా ఇంతేనా?" అని అడిగింది.

"ఇంట్లో రెండు కాళ్ల మీదే ఉంటాడులే అక్కా" అంది కుసుమలత. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు చరుచుకుని నవ్వారు. ఆ నవ్వులోనే కుసుమలత కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పాతికేళ్ల కాపురం ఆవిడది.

చౌబే అక్కడితో వదల్లేదు. ఆ బృందానికి అర్హత లేదని సర్కారుకి రాసి పంపాడు. సాయం వాళ్లకి ఆపేసి, ఒక పట్నం డాన్సు స్కూలుకి ఇచ్చారు. ఆ పిల్లలు ఒకేరకం దుస్తులు కుట్టించుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, ఎడమకాలు మీద గెంతుతున్నారు. పౌర్ణమికి ఆడపిల్లలు కలుస్తారు.

ఈ కబురు నేనే ఇంద్రాసనికి ఫోన్‌లో చెప్పాను, తిట్టించుకోవడానికి సిద్ధపడే.

"పోనీలేమ్మా. పెళ్లిళ్ల రోజులొస్తున్నాయి, మాకు తీరికెక్కడ? ఢిల్లీ చూశాం, రైలెక్కాం. ఆ మనిషి గెంతడం చూశాం. మావాళ్లు ఇప్పటికీ అది చేసి చూపించి నవ్విస్తున్నారు" అంది. తన ఆట మీద తనకెంత నమ్మకమో ఆ గొంతులో తెలిసింది. కానీ రావాల్సిన సాయం పోయింది, పోయినట్టే. ఆమె నవ్వినంత మాత్రాన నేను నవ్వలేకపోయాను.

ఆ బ్యాచ్ పరీక్షలవగానే ఆ పని మానేశాను. ఢిల్లీలోనే రోహిణీ అనే పేటలో ఒక బడిలో సోషల్ చెబుతున్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఏది చెప్పినా ఎందుకని అడుగుతారు, ప్రాణం తీస్తారు. హాయిగా ఉంది.

చౌబే ఇప్పుడు ఏదో నిపుణుల సంఘంలో సభ్యుడు. మోకాలికి ఆపరేషన్ అయింది, అయినా క్లాసు మానలేదు. పుస్తకం ఏటా కొత్తగా అచ్చవుతోంది. మొన్నామధ్య ఫోన్ చేశాడు.

"వసుంధరా జీ, పుస్తకంలో దక్షిణాది భాగం కాస్త బలహీనంగా ఉంది. మీవైపు ఎవరికీ తెలియని నాట్యాలేమైనా ఉన్నాయా?"

"ఉన్నవి అందరికీ తెలిసినవే సార్. వచ్చి చూడండి, నేను తీసుకెళ్తాను."

"రావడానికి తీరిక ఎక్కడమ్మా? మీరే ఒకటి చెప్పండి."

"ఎవరికీ తెలియనివి లేవు సార్."

"లేకపోయినా పర్లేదు" అన్నాడు చౌబే.

ఫోన్ పెట్టేశాను.